ఏప్రిల్ పట్టికను సెప్టెంబరులో రాసేవాళ్ళు

కాల్గరీ, ఎడ్మంటన్, వేగస్, లాస్ ఏంజెలెస్, వాంకూవర్, సీటెల్, ఆనహైమ్, శాన్ హోసే. 2022 సెప్టెంబరులో నేషనల్ హాకీ లీగ్ పసిఫిక్ డివిజన్ మీద వచ్చిన అంచనాల్లో చాలావాటిలో వరస ఇంచుమించు ఇదే. ఒకటి రెండు స్థానాలు అటూ ఇటూ. పైన ఆల్బర్టా జట్లు రెండు, అడుగున కుర్రాళ్ళను పోగేసుకుంటూ ఓపిక పడుతున్న కాలిఫోర్నియా జట్లు రెండు. ఏప్రిల్‌లో తేలిన అసలు పట్టిక ఇది: వేగస్ 111 పాయింట్లు, ఎడ్మంటన్ 109, లాస్ ఏంజెలెస్ 104, సీటెల్ 100, కాల్గరీ 93, వాంకూవర్ 83, శాన్ హోసే 60, ఆనహైమ్ 58. చాలామంది మొదటి స్థానం ఇచ్చిన జట్టు అయిదో స్థానంలో పడి ప్లేఆఫ్స్‌కే వెళ్ళలేదు. ఆరో స్థానమే ఎక్కువ అనుకున్న జట్టు నాలుగో స్థానంలో నిలిచి వెళ్ళింది.

ఈ రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి జోస్యగాళ్ళను వెక్కిరించడం అన్నిటికంటే సులువైన పని. ఏటా ఏప్రిల్‌లో అభిమానులు చేసేదీ అదే. కానీ నాకు ఆ తప్పిపోయిన సెప్టెంబరు పట్టిక మీదే ఎక్కువ గౌరవం. దాన్ని విప్పి చూస్తే లోపల కనిపించే పనితనం, నిజమైన జోస్యాల్లో కూడా ఎప్పుడో గానీ కనిపించదు. అంచనా నిజమైందా లేదా అన్నది ఒక ప్రశ్న, దాన్ని ఎలా కట్టారన్నది వేరే ప్రశ్న. ఇక్కడ రెండోదాని గురించే మాట్లాడదాం.

ఐస్ హాకీ మనకు దూరపు ఆటే. మన దేశంలో ఆ ఆట అనగానే గుర్తొచ్చేది లడాఖ్ ఒక్కటే. కానీ ఈ డివిజన్‌లోని ఊళ్ళు తెలుగువాళ్ళకు దూరం కావు. సీటెల్‌లో, శాన్ హోసేలో మనవాళ్ళ ఇళ్ళు వీధికొకటి. కాల్గరీ, ఎడ్మంటన్, వాంకూవర్లలోనూ పిల్లల్ని స్కేటింగ్ క్లాసులకు తిప్పే తెలుగు తల్లిదండ్రులున్నారు. అందుకని నియమాలు రెండు ముక్కల్లో చెప్పుకుని ముందుకు పోదాం. లీగ్‌లో 32 జట్లు, నాలుగు డివిజన్లు, ఒక్కోదానిలో ఎనిమిది. ఆ సీజన్‌లో అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఒక్కో జట్టుకు 82 ఆటలు. గెలిస్తే రెండు పాయింట్లు. మామూలు సమయంలోనే ఓడితే సున్నా. ఓవర్‌టైమ్‌లో గానీ షూటౌట్‌లో గానీ ఓడితే ఒకటి. డివిజన్‌లో మొదటి మూడు జట్లూ ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి, మిగిలిన రెండేసి చోట్ల కోసం, రెండు డివిజన్లు కలిసిన కాన్ఫరెన్సులో తక్కినవన్నీ కొట్టుకుంటాయి.

ఆ ఓటమి పాయింటు దగ్గరే కొత్తవాడి పనీ చేయి తిరిగినవాడి పనీ వేరుపడతాయి. ఓవర్‌టైమ్‌కి వెళ్ళిన ఆటలో రెండు జట్లకూ కలిపి మూడు పాయింట్లు పంచుతారు. అందువల్ల సగటు జట్టు పాయింట్లు 82 దగ్గర ఆగవు, 91 దాటతాయి. అంటే 32 జట్ల మొత్తం సుమారు 2,930 రావాలి. ఏ జాబితా చేతికొచ్చినా నేను ముందు చూసేది మొదటి స్థానం ఎవరికిచ్చారన్నది కాదు, మొత్తం కూడితే ఎంతొస్తుందన్నది. అభిమాని రాసిన జాబితాలో ప్రతి జట్టూ నిరుటికంటే మెరుగవుతుంది. ఎవరికి తగ్గించాలన్నా వాళ్ళ మీద జాలి. చివరికి కూడితే లీగ్ ఇచ్చే పాయింట్లకంటే రెండు మూడు వందలు ఎక్కువ పంచేసి ఉంటాడు. పని తెలిసినవాడు ఒకచోట పది పెంచితే ఇంకోచోట పది కోస్తాడు. ఆ కోత ఎక్కడ పడిందో చూస్తే అతని మనసు తెలుస్తుంది.

రెండోది, పట్టికను మధ్యకు గుంజడం. మంచి అంచనాలో పైనున్న జట్టుకు నూట అయిదో నూట ఏడో, అడుగు జట్టుకు డెబ్భయ్యో ఇస్తారు. అసలు సీజన్‌లో మాత్రం పైవాళ్ళు 111 తెచ్చుకుంటారు, కిందవాళ్ళు 58కి జారతారు. చూసేవాళ్ళకు ఇది పిరికితనంలా కనిపిస్తుంది. కాదు. ఒక లెక్క వేసి చూడండి. సరిసమానమైన జట్టుతో 82 ఆటలు ఆడిస్తే, ప్రతి ఆటా నాణెం ఎగరేసినట్టే అనుకుంటే, గెలుపులు సగటున 41 వస్తాయి. కానీ అచ్చంగా 41 రావడం అరుదు. మూడింట రెండుసార్లు 37కీ 45కీ మధ్య ఎక్కడో తేలతాయి, మూడోసారి ఆ హద్దులు కూడా దాటతాయి. ఓవర్‌టైమ్ పాయింట్లు కూడా కలిపి లెక్కేస్తే ఈ ఊగిసలాట అటు ఎనిమిదిన్నర, ఇటు ఎనిమిదిన్నర పాయింట్లు. ఆటగాళ్ళ గురించి దేవుడికి తెలిసినంతా తెలిసినవాడు అంచనా వేసినా, ఒక్కో జట్టు మీద సగటున ఆరేడు పాయింట్లు తప్పక తప్పవన్నమాట. మనుషులకు అంత కూడా తెలియదు కాబట్టి తప్పు ఇంకా పెద్దదే అవుతుంది.

హాకీలో ఈ అదృష్టం పాలు చాలా ఆటలకంటే ఎక్కువని మైకేల్ లోపెజ్, గ్రెగరీ మాథ్యూస్, బెంజమిన్ బామర్ అనే ముగ్గురు గణాంక శాస్త్రవేత్తలు 2018లో ఒక పరిశోధన పత్రంలో చూపించారు. అమెరికా పెద్ద లీగ్‌లు నాలుగింటినీ ఒకే తక్కెడలో తూచారు. బాస్కెట్‌బాల్‌లో మెరుగైన జట్టే గెలిచే అవకాశం బాగా ఎక్కువ. హాకీ, బేస్‌బాల్ మాత్రం నాణేనికి దగ్గర చుట్టాలు. అలాంటి ఆటకు ముందే పట్టిక రాయబూనడం ఒక రకంగా సాహసమే. అది తెలిసి కూడా రాసేవాళ్ళ పని చూడాలి.

వాళ్ళ ముడిసరుకు గోల్స్ కాదు. ఆటకు ఒక్కో జట్టు కొట్టేవి మూడు గోల్స్, అంత చిన్న రాశిలో అదృష్టం సులువుగా దాక్కుంటుంది. గోల్ వైపు కొట్టిన ప్రతి దెబ్బనూ, పక్కకు పోయినదాన్నీ, మధ్యలో ఎవడో కాలు అడ్డుపెట్టి ఆపినదాన్నీ లెక్కేస్తే ఆటకు యాభైకి పైనే వస్తాయి. బఫలో జట్టులో గోలీలకు, అంటే గోల్ కాపలాదారులకు, శిక్షణ ఇచ్చిన జిమ్ కోర్సీ ఇలా లెక్కపెట్టేవాడు. గోల్‌లోకి రాని దెబ్బకైనా గోలీ ఒళ్ళు బిగించి సిద్ధం కావలసిందే కదా, వాడి అసలు శ్రమ ఎంతో తెలియాలని ఆయన ఆలోచన. ఆ లెక్కను జట్టు బలానికి కొలతగా మార్చినవాడు విక్ ఫెరారీ అనే మారుపేరుతో రాసిన టిమ్ బార్న్స్. దానికి కోర్సీ పేరు పెట్టడానికి కారణం ఆయన ఫొటోలో ఉన్న మీసాలు నచ్చడమేనని తర్వాత బయటపడింది. ఈరోజు లీగ్‌లో ప్రతి జట్టు ఆఫీసులోనూ ఆ మీసాల పేరే వినిపిస్తుంది.

దెబ్బలన్నీ ఒకటి కావు కాబట్టి, ఎక్కడినుంచి కొట్టారు, ఏ కోణంలో, అంతకుముందు క్షణంలో ఏం జరిగింది అన్నవి చూసి ఒక్కోదానికి గోల్ అయ్యే అవకాశం కడతారు. దాని మీద మూడేళ్ళ లెక్కలు, ఈ మధ్యవాటికి ఎక్కువ బరువు, పాతవాటికి తక్కువ. ఆ పైన వయసు. ఫార్వర్డ్‌లు ఇరవైల నడుమలో శిఖరానికి చేరతారు, ముప్ఫై దాటాక దిగుతారు. ముప్ఫై ఒకటో ఏట ఎవరైనా జీవితంలోకెల్లా గొప్ప సీజన్ ఆడితే, అభిమాని దాన్ని కొత్త ఆరంభం అనుకుంటాడు, అంచనా కట్టే మోడల్ మాత్రం ఒక ముక్క కోసేసి రాసుకుంటుంది.

ఇక గోలీ. ఇక్కడ ఎంత పండినవాడి చేతికైనా వణుకు తప్పదు. ఒక గోలీ 60 ఆటలు ఆడి, ఆటకు 30 షాట్ల చొప్పున 1,800 షాట్లు ఎదుర్కొన్నాడనుకోండి. వెయ్యికి 920 ఆపేవాడికీ 910 ఆపేవాడికీ తేడా నూటికి ఒక్క షాట్. స్టాండ్స్‌లో కూర్చున్న ఏ కంటికీ ఆ తేడా ఆనదు. కానీ సీజన్ మొత్తానికి అది 18 గోల్స్. హాకీలో మూడు గోల్స్ తేడా ఒక పాయింటుకు సమానమని ఒక మోటు లెక్క ఉంది. అంటే ఆ కనపడని తేడా ఆరు పాయింట్ల విలువ చేస్తుంది, చాలా ఏళ్ళలో ప్లేఆఫ్స్‌కీ ఇంటికీ మధ్య దూరం అదే. పైగా ఒక సీజన్‌లో 920 ఆపినవాడు మరుసటి ఏడూ ఆపుతాడని ఎవరూ పూచీ పడలేరు.

ఇప్పుడు సీటెల్ జట్టును బల్ల మీద పెట్టి ఒక పనివాడు ఎలా కడతాడో చూద్దాం. క్రాకెన్ అనే ఆ జట్టు 2021లో కొత్తగా పుట్టింది. మొదటి సీజన్‌లో 60 పాయింట్లతో డివిజన్ అడుగున కూర్చుంది. మామూలు కంటికి చచ్చు జట్టు. పనివాడు ముందు గోలీ దగ్గరికి వెళ్తాడు. ఫిలిప్ గ్రూబావర్ అంతకుముందు ఏడాది కొలరాడోలో వెయ్యికి 922 ఆపి, అత్యుత్తమ గోలీ బహుమతికి తుది ముగ్గురిలో నిలిచినవాడు. సీటెల్ రాగానే 889కి పడిపోయాడు. లీగ్ సగటు 907 దరిదాపుల్లో ఉంది. అతను ఎదుర్కొన్న షాట్లను 1,400 పైచిలుకు అనుకుంటే, సగటు గోలీకంటే పాతిక గోల్స్ ఎక్కువ వదిలాడు. ఎనిమిది పాయింట్లు. అంటే ఆ జట్టు అసలు బలం 60 కాదు, 68 దగ్గర.

తర్వాత కొత్తవాళ్ళు. అప్పుడే లీగ్ కప్పు గెలిచిన కొలరాడో నుంచి ఆంద్రే బురకోవ్‌స్కీ వచ్చాడు. కాలేజీ నుంచి వచ్చి వసంతంలో పది ఆటల్లో తొమ్మిది పాయింట్లు (ఆటగాడి పాయింట్లంటే కొట్టిన గోల్స్, అందించి కొట్టించినవీ) చేసిన మ్యాటీ బెనియర్స్ ఇక పూర్తి సీజన్ ఆడతాడు. కొలంబస్ నుంచి 28 గోల్స్ కొట్టిన ఒలివర్ బ్యార్క్‌స్ట్రాండ్ దాదాపు ఉచితంగా దొరికాడు. కొత్త కుర్రాళ్ళను పంచుకునే డ్రాఫ్ట్‌లో మూడో రౌండు, నాలుగో రౌండు ఎంపికలు ఒక్కొక్కటి ఇచ్చి తెచ్చుకున్నారు. అలా ఎందుకు దొరికాడు? కాల్గరీలో 115 పాయింట్లు చేసిన జానీ గోడ్రో ఆ జులైలో అందరినీ ఆశ్చర్యపరుస్తూ కొలంబస్‌తో ఒప్పందం చేసుకున్నాడు. జట్టు జీతాలకు లీగ్ పెట్టిన గరిష్ఠ పరిమితి ఆ ఏడాది 8.25 కోట్ల డాలర్లు. గోడ్రో జీతానికి చోటు కావాలంటే కొలంబస్ ఎవరినో ఒకరిని వదులుకోవాలి. బ్యార్క్‌స్ట్రాండ్ వంతు వచ్చింది. కాల్గరీ నుంచి ఒకడు వెళ్ళిపోవడంతో అదే డివిజన్‌లోని సీటెల్‌కి మరొకడు చేరాడు. మంచి అంచనా రాసేవాడు ఎనిమిది జట్లనూ విడివిడిగా రాయడు, ఈ గొలుసు పట్టుకుని రాస్తాడు. ఒకచోట తీసినది ఎక్కడ తేలిందో వెతుకుతాడు.

ఇవన్నీ కలిపితే సీటెల్ 80 చుట్టుపక్కల తేలుతుంది. ఒక్క ఏడాదిలో ఇరవై పాయింట్ల పెరుగుదల రాయడానికి గుండె ఉండాలి. రాశారు కూడా. సీటెల్ వంద తెచ్చుకుంది.

తప్పా? ఇక్కడే నాకు ఆ పనివాళ్ళ మీద అభిమానం. అదృష్టం వల్ల వచ్చే ఊగిసలాట ఎనిమిదిన్నర అనుకున్నాం. జట్టు అసలు బలం గురించి మనకున్న సందేహం ఇంకో ఏడు అనుకుందాం. ఇవి నేరుగా కూడవు, వర్గాలుగా కూడి పదకొండు అవుతాయి. ఆ లెక్కన 80 అనుకున్న జట్టు వందకు చేరే అవకాశం సుమారు ముప్ఫయ్యింట ఒకటి. లీగ్‌లో జట్లు 32. అంటే ఇలాంటి ఆశ్చర్యం దాదాపు ఏటా ఎక్కడో ఒకచోట జరిగి తీరాలి. ఏ ఏడూ ఒక్క జట్టు విషయంలోనూ అలా తప్పని జోస్యగాడుంటే, వాడి అంకెలను అనుమానించాలి.

పైగా సీటెల్ ఎగబాకిన దారి కాగితం మీద గీసిన దారి కాదు. గోలీలు బాగుపడతారని కదా లెక్క? పెద్దగా బాగుపడలేదు. ఎక్కువ గెలుపులు తెచ్చిన మార్టిన్ జోన్స్ వెయ్యికి 890 కూడా ఆపలేదు. గ్రూబావర్ 895. జట్టును మోసినవి కర్రలు. జారెడ్ మెకాన్ 40 గోల్స్ కొట్టాడు, అతను కొట్టిన ప్రతి వంద షాట్లలో 19 లోపలికి పోయాయి. పదమూడు మంది ఆటగాళ్ళు తలా పదమూడు గోల్స్‌కి తగ్గకుండా కొట్టారు. బెనియర్స్ ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి అందుకున్నాడు. అంటే గోలీ విషయంలో అంచనా పైకి తప్పింది, షాట్ల విషయంలో కిందికి తప్పింది. వచ్చిన తేడా ఆ రెండు తప్పుల శేషం. ఏప్రిల్‌లో పాయింట్లు మాత్రమే పోల్చి చూసేవాళ్ళకు ఇది కనపడదు.

కాల్గరీ కథ దీనికి తలకిందులు. 2021–22లో 111 పాయింట్లతో డివిజన్ గెలిచింది. గోడ్రో, మాథ్యూ కచక్, ఎలియాస్ లిండ్‌హోమ్ ఒకే లైన్‌లో ఆడి ముగ్గురూ నలభైకి తగ్గకుండా గోల్స్ కొట్టారు. వేసవిలో గోడ్రో వెళ్ళిపోయాడు. కచక్ కూడా ఉండనన్నాడు. కాల్గరీ అతన్ని ఫ్లోరిడాకి ఇచ్చి జోనథన్ హ్యూబర్డోను, మెకెంజీ వీగర్‌ను తెచ్చుకుంది, ఆ పైన నజీమ్ కాద్రీని కొనుక్కుంది. హ్యూబర్డో ముందు ఏడాది పాయింట్లు 115, గోడ్రోకి సరిసమానం. కాగితం మీద గుంత పూడినట్టే ఉంది. పైగా గట్టి డిఫెన్స్, నిబ్బరమైన గోలీ జేకబ్ మార్క్‌స్ట్రోమ్. మొదటి స్థానం ఇచ్చినవాళ్ళను తప్పుపట్టలేం.

హ్యూబర్డో 55 పాయింట్లే చేశాడు. ఒక్క ఏడాదిలో 60 పాయింట్ల పతనం, లీగ్ చరిత్రలోనే అంత పెద్దది మరొకటి లేదు. అతని గత మూడేళ్ళూ తూచి, వయసు కోసి, కొత్త ఊరికి ఇంకాస్త కోసినా ఏ మోడలూ 55 దగ్గరికి దిగదు. అయినా నన్నడిగితే కాల్గరీని ముంచింది హ్యూబర్డో కాదు. మార్క్‌స్ట్రోమ్ వెయ్యికి 922 నుంచి 892కి పడ్డాడు. ఎదుర్కొన్న షాట్లు సుమారు 1,550. వేళ్ళ మీద లెక్కేసినా 46 గోల్స్, పదిహేను పాయింట్లు. జట్టు మొత్తం కోల్పోయినవి 18. షాట్ల వాటాలో కాల్గరీ ఆ ఏడూ లీగ్ ముందు వరసలోనే ఉంది. అంటే పనివాళ్ళు దేన్ని కొలిచారో అది సరిగ్గానే వచ్చింది, కొలవలేమని వాళ్ళే చెప్పిన చోట కొంప మునిగింది. ఓవర్‌టైమ్‌లో, షూటౌట్లలో 17 సార్లు ఓడి, చివరి ప్లేఆఫ్ చోటు దక్కించుకున్న వినిపెగ్‌కి రెండు పాయింట్ల దూరంలో ఆగిపోయింది. ముందు ఏడాది ఉత్తమ కోచ్ బహుమతి అందుకున్న డారిల్ సటర్‌ను మే నెలలో పంపేశారు.

వేగస్ దగ్గర ఇంకో నేర్పు చూడాలి. ఆ సెప్టెంబరులో వేగస్‌కీ లాస్ ఏంజెలెస్‌కీ దగ్గర దగ్గర అంకెలు వేసినవాళ్ళున్నారు. కానీ ఆ రెండు అంకెలూ ఒక జాతివి కావు. లాస్ ఏంజెలెస్ కుదురుగా ఎదుగుతున్న జట్టు. వేగస్‌లో జాక్ ఐకెల్ మెడకు ఆపరేషన్ అయింది, మార్క్ స్టోన్ వీపుకు అయింది. మొదటి గోలీ రాబిన్ లేనర్ సీజన్ మొత్తానికీ దూరం. మిగిలినవాళ్ళలో ఒకడు దాదాపు కొత్తవాడు, ఇంకొకడు శాన్ హోసే నాలుగో రౌండు ఎంపికకు వదిలేసిన ఆడిన్ హిల్. మంచి రాతగాడు ఇద్దరికీ ఒకే అంకె వేసి ఊరుకోడు. ఈ అంకె ఇరుకు, ఆ అంకె వెడల్పు అని చెప్తాడు, వెడల్పు ఎందుకో శరీరభాగాల పేర్లతో సహా చెప్తాడు. వేగస్ ఆ సీజన్‌లో అయిదుగురు గోలీలను వాడింది, అయిదుగురూ కనీసం ఒక్కో ఆట గెలిచారు. 2023 జూన్ 13న ఫ్లోరిడాను 9–3తో ఓడించి కప్పు ఎత్తినప్పుడు గోల్ ముందు ఉన్నది ఆడిన్ హిల్.

వేగస్ అంటే ఈ వృత్తిలో అందరికీ గుర్తొచ్చే ఏడు మాత్రం వేరే. 2017. అప్పుడే పుట్టిన జట్టు. మిగతా 30 జట్లూ వదిలేసిన వాళ్ళలో ఒక్కొక్కరిని ఏరుకుని తయారైంది. దాదాపు అందరూ దానికి పసిఫిక్‌లో చివరి స్థానం ఇచ్చారు. అది 109 పాయింట్లతో డివిజన్ గెలిచి, ఫైనల్ దాకా వెళ్ళి వాషింగ్టన్ చేతిలో ఓడింది. చాలా జాబితాల్లో మొదటి స్థానం దక్కిన ఎడ్మంటన్, కానర్ మెక్‌డేవిడ్ 108 పాయింట్లు చేసినా, 78 దగ్గర ఆగిపోయింది. ఇది మాత్రం అదృష్టం ఖాతాలో వేసి చేతులు దులుపుకోవడానికి లేదు. ఇక్కడ పనిలోనే లోపం ఉంది. విలియం కార్ల్‌సన్ ముందు ఏడాది కొలంబస్‌లో ఆరు గోల్స్ కొట్టాడు. ఆరు గోల్స్ వాడు అని రాసుకున్నారు. కొలంబస్ అతన్ని ఎంత తక్కువసేపు, ఎవరి పక్కన, ఏ పనికి ఆడించిందో చూసుకుని ఉంటే ఆ ఆరును అంత గట్టిగా నమ్మేవాళ్ళు కాదు. వేగస్‌లో మొదటి లైన్‌లో నిలబెడితే 43 కొట్టాడు. ఫ్లోరిడా 30 గోల్స్ వీరుడు జోనథన్ మార్షసోను కాపాడుకోకుండా వదిలేసింది. రైలీ స్మిత్‌ను నాలుగో రౌండు ఎంపికకు ఇచ్చేసింది. ఆనహైమ్, మినసోటా తమవాళ్ళలో కొందరిని తీసుకోకుండా ఉంటే చాలని షే థియొడోర్, ఆలెక్స్ టక్ వంటి కుర్రాళ్ళను ఎదురిచ్చాయి. ఇవన్నీ జూన్‌లోనే అందరి కళ్ళముందూ జరిగాయి. కొత్త జట్టంటే చెత్త జట్టే అన్న పాత అలవాటు చూపును కమ్మేసింది.

నాలుగేళ్ళ తర్వాత సీటెల్ పుట్టినప్పుడు అదే మనుషులు అటువైపుకి ఒరిగారు. వేగస్ పాఠం గుర్తుపెట్టుకుని చాలామంది సీటెల్‌కి మొదటి ఏడే ప్లేఆఫ్ చోటు రాసిచ్చారు. వచ్చినవి 60 పాయింట్లు. ఒక పాఠాన్ని మరీ బాగా నేర్చుకోవడం కూడా ఈ పనిలో దోషమే.

ఇంత తప్పేవాళ్ళను ఎందుకు మెచ్చుకోవాలన్న ప్రశ్నకు నా జవాబు వాళ్ళు తర్వాత చేసే పనిలో ఉంది. ఉగాదినాడు మనకు ఆదాయం ఇంత, వ్యయం ఇంత అని చదివి వినిపించే పంతులుగారు మరుసటి ఉగాదికి పాత పంచాంగం తీసి, ఏది నిజమైందో ఏది కాలేదో లెక్క ఒప్పజెప్పరు. వీళ్ళు ఒప్పజెప్తారు. ది అథ్లెటిక్‌లో డామ్ లుష్‌చిషిన్ ప్రతి సీజన్‌కి ముందు జట్టు జట్టుకూ అవకాశాలు అంకెల్లో రాస్తాడు. సీజన్ అయ్యాక తన మోడల్ ఎక్కడ తప్పిందో, మిగతావాళ్ళ అంచనాల పక్కన ఎలా నిలిచిందో తనే చర్చకు పెడతాడు. కెనడాలో హాలిఫాక్స్‌లో ఉండే గణితజ్ఞుడు మైకా బ్లేక్ మెక్‌కర్డీ తన మోడల్‌కి మాగ్నస్ అని పేరు పెట్టుకున్నాడు. అది ఎలా పనిచేస్తుందో, ఏ భాగం దేనికోసమో వివరంగా రాసి అందరి ముందూ పెడతాడు. అతను గీసే బొమ్మల్లో జట్టుకు ఒక్క చుక్క ఉండదు, పరుచుకున్న గుట్ట ఉంటుంది. అది చూశాక ఒక్క అంకె మాత్రమే ఇచ్చే జాబితా ఏదో దాచిపెడుతున్నట్టు అనిపిస్తుంది నాకు.

నూటికి డెబ్భై పాళ్ళు ప్లేఆఫ్స్‌కి వెళ్తుందన్న జట్టు వెళ్ళకపోతే తప్పు చెప్పినట్టు కాదు. అలా చెప్పిన పది జట్లలో ఏడు వెళ్ళాయా లేదా అన్నదే అసలు పరీక్ష. పదికి పది వెళ్ళినా వాడు అంకె తప్పు వేసినట్టే. ఇది అభిమానికి మింగుడుపడని లెక్క. అభిమానికి కావలసింది తన జట్టు గురించి ఒక మాట. పాళ్ళు కాదు.

ఈసారి సెప్టెంబరులో అలాంటి పేజీ ఏదైనా మీ కంటబడితే, ముఖ్యంగా సీటెల్‌లోనో శాన్ హోసేలోనో ఉన్న మీ పిల్లలు పంపితే, వరస చూసి వదిలేయకండి. పాయింట్లన్నీ కూడి చూడండి, గోలీ గురించి ఏమన్నారో వెతకండి, అంకె పక్కన వెడల్పు ఇచ్చారేమో చూడండి. తర్వాత దాచిపెట్టుకోండి. ఒక్క ఏడాది కాదు, రెండేళ్ళు. ఎందుకంటే సీటెల్ వంద పాయింట్ల సంబరం తీరాక, 2023–24 సీజన్‌లో మెకాన్ గోల్స్ 40 నుంచి 29కి తగ్గాయి. జట్టు 81 పాయింట్లతో ముగించింది. డివిజన్ గెలిచింది వాంకూవర్, 109 పాయింట్లతో. ముందు ఏడాది దానికి వచ్చినవి 83.